పదిహేను శాతం తేమ

లోర్నా మెగిన్సన్ గోధుమలు నేను పన్నెండేళ్ళు మోశాను. ఆవిడ పొలం కెల్డ్‌బీలో, గుట్ట మీద. అక్కడి నుంచి హంబర్ నది ఒడ్డున ఉన్న ఇథనాల్ ఫ్యాక్టరీకి నా లారీలో ముప్పావు గంట ప్రయాణం. మా చుట్టుపక్కల రైతుల గోధుమలన్నీ ఆ ఫ్యాక్టరీయే కొనేది. పిండి చేసి, నానబెట్టి, పులియబెట్టి, బట్టీలో కాచి పెట్రోలులో కలిపే ఇంధనం తీసేది. మిగిలిన పిప్పి ఆవులకు దాణాగా పోయేది. పులిసేటప్పుడు పైకొచ్చే గ్యాసును బీరు తయారుచేసేవాళ్ళు సిలిండర్లలో పట్టుకుపోయేవాళ్ళు. మా నేలలో పండే గోధుమ రొట్టెకు పనికిరాదు. అలాంటి పంటకు అంత మంచి గిరాకీ మా నాన్నల కాలంలో కూడా లేదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉండేవాడు రాడ్నీ స్టాథర్స్. లారీ ఆగగానే మెట్లెక్కి, గోధుమల్లోకి పొడవాటి గొట్టం గుచ్చి, అడుగు నుంచి గింజలు తీసి, యంత్రంలో పోసి తేమ ఎంతుందో చూడడం అతని పని. పదిహేను శాతం దాటితే లోడు వెనక్కి వెళ్ళాల్సిందే. పొడుగ్గా, సన్నగా, ఇస్త్రీ చేసిన నీలం కోటులో ఉండేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగే చనువు ఎవరికీ ఇవ్వలేదు.

లోర్నా భర్త పోయి ఏడాది తిరగకుండానే ఆ ఫ్యాక్టరీ మొదలైంది. ఆవిడ ఒంటరిగా పండించిన మొదటి పంట, మొదటి లోడు. రాడ్నీ యంత్రం కేసి చూసి, "పదిహేను పాయింట్ నాలుగు. వెనక్కి తీసుకెళ్ళు" అన్నాడు. నేను ఫోన్ చేసి చెప్పాను. అరగంటలో ఆవిడ తన పాత కారులో, మోకాళ్ళ దాకా బురద బూట్లతో దిగింది.

"పాయింట్ నాలుగా? మీ చెమట చుక్క ఒకటి పడుంటుంది గింజల్లో" అంది.

"నాకు చెమట పట్టదండీ" అన్నాడు రాడ్నీ.

"పట్టదు. మనుషులకి కదా పట్టేది."

"మిసెస్ మెగిన్సన్, ఆరబెట్టి రేపు తీసుకురండి. తీసుకుంటాను."

"రేపు తెస్తే రేపు గాలిలో తేమ ఉందంటారు."

"ఉంటే అంటాను."

వరసలో ఉన్న డ్రైవర్లందరం ఫ్లాస్కులు తెరిచి టీ పోసుకున్నాం. అది మొదలు ప్రతి ఆగస్టులోనూ అదే వరస. ఒక ఏడు ఆవిడ సొంతంగా తేమ యంత్రం కొనుక్కొచ్చింది. ఆవిడది పద్నాలుగు పాయింట్ తొమ్మిది చూపిస్తే అతనిది పదిహేను పాయింట్ ఒకటి చూపించింది. రెండు యంత్రాలూ పక్కపక్కన పెట్టి రెండు గంటలు వాదించుకున్నారు. వెనకాల నలభై లారీలు ఆగిపోయాయి. ఆఖరికి తయారుచేసిన కంపెనీకి ఫోన్ చేస్తే ఆవిడ యంత్రంలో బ్యాటరీ అయిపోయిందని తేలింది. ఆవిడ తన యంత్రం తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు రాడ్నీ నా చేతికి ఒక చిన్న పొట్లం ఇచ్చి ఆవిడకు ఇమ్మన్నాడు. విప్పి చూస్తే కొత్త బ్యాటరీలు. లోర్నా వాటిని తీసుకుని, "చూశావా క్లైవ్, ఎగతాళి" అంది. కానీ పారెయ్యలేదు.

ఇలా సాగుతుండగా ఒక మే నెలలో వాణిజ్య ఒప్పందం వార్త వచ్చింది.

నేను అప్పుడు ఫ్యాక్టరీ క్యాంటీన్లో బేకన్ శాండ్‌విచ్ తింటున్నాను. టీవీలో రెండు దేశాల నాయకులు చేతులు కలుపుతున్నారు. సముద్రం అవతలి దేశం మన కార్ల మీద సుంకం తగ్గిస్తుంది. బదులుగా వాళ్ళ ఇథనాల్ మన దేశంలోకి సుంకం లేకుండా వస్తుంది. ఎంత వస్తుందో అంకె చెప్పగానే క్యాంటీన్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. మన దేశం ఏడాదికి ఎంత కాలుస్తుందో దాదాపు అంతా. అక్కడ మొక్కజొన్న చేలు ఒక్కోటి మా జిల్లా అంత ఉంటాయని చెప్పుకునేవాళ్ళు. వాళ్ళ ధరకు మేము తూగలేమని అక్కడ గిన్నెలు కడిగేవాళ్ళకు కూడా తెలుసు.

నేను బయటికి వచ్చేసరికి రాడ్నీ నా లారీ మీదే ఉన్నాడు, గొట్టం తీస్తూ.

"విన్నావా?" అన్నాను.

"విన్నాను."

"అయితే మన సంగతేంటి?"

అతను యంత్రం చూసి, "నీ లోడు పద్నాలుగు పాయింట్ రెండు. వెళ్ళి పోసెయ్" అన్నాడు.

జూన్‌లో కెల్డ్‌బీ హాల్లో మీటింగు పెట్టారు. లండన్ నుంచి ఒక అధికారి వచ్చాడు. రైల్లో నిద్రపోయి వచ్చినట్టు ఒక చెంప మీద మడత ఉంది. మంచివాడే. ఒప్పందం వల్ల కార్ల ఫ్యాక్టరీల్లో ఎన్ని వేల ఉద్యోగాలు నిలిచాయో చెప్పాడు. అది నిజమే, మా ఆవిడ జెనెట్ తమ్ముడు అలాంటి ఫ్యాక్టరీలోనే చేస్తాడు, ఆ వారం వాళ్ళింట్లో కేకు కోశారు కూడా. అందుకే నేను నోరెత్తలేదు. లోర్నా లేచింది.

"వాళ్ళ ఉద్యోగాలు పోవాలని నేననట్లేదండీ" అంది. "బేరం బల్ల మీద మా గోధుమలు పెట్టేటప్పుడు ఒకసారి ఫోన్ చేసి ఉంటే బావుండేది అంటున్నా."

అధికారి దాన్ని పుస్తకంలో రాసుకున్నాడు.

"ఫోన్ నెంబరు కూడా రాసుకోండి మరి" అంది లోర్నా. హాలంతా నవ్వింది. అతనూ నవ్వాడు, నిజంగానే రాసుకున్నాడు. ఫోను మాత్రం రాలేదు.

ఆగస్టు ఆఖరున ఫ్యాక్టరీ మూసేస్తున్నామని నోటీసు పెట్టారు. ఆఖరి రోజు లోర్నాది ఆఖరి లోడు. ఆ రోజు ఆవిడ కారులో వెనకాల రాలేదు, నా పక్కనే క్యాబిన్‌లో కూర్చుని వచ్చింది. ముందు రెండు రోజులు వాన పడింది. దారంతా కిటికీలోంచి చూస్తూనే ఉంది.

గేటు దగ్గర మా వెనకాల ఎవరూ లేరు. ముందూ ఎవరూ లేరు. రాడ్నీ ఎప్పటిలాగే ఇస్త్రీ కోటు వేసుకుని మెట్లెక్కాడు. గొట్టం గుచ్చాడు. గింజలు పోశాడు. యంత్రం కేసి చూసి, మళ్ళీ పోసి, మళ్ళీ చూశాడు. మేమిద్దరం కింద నిలబడి ఉన్నాం.

"పదిహేను పాయింట్ మూడు" అన్నాడు. "తీసుకోలేను, మిసెస్ మెగిన్సన్."

ఫ్యాక్టరీయే రేపు ఉండదు. పాయింట్ మూడు ఎవరు చూస్తారు?

లోర్నా మెల్లగా అడిగింది. "ఇవాళ కూడానా?"

"ఇవాళ తప్పు రాస్తే పన్నెండేళ్ళూ మీతో ఊరికే పోట్లాడినట్టు అవుతుంది" అన్నాడు. "అవి ఊరికే ఆడిన మాటలు కావు."

ఆవిడ అతని కేసి చూసింది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. లారీ చక్రం మీద చెయ్యి ఆనించి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. రాడ్నీ మెట్ల మీద అలాగే నిలబడి ఉన్నాడు, గొట్టం చేత్తో పట్టుకుని.

"పద క్లైవ్" అంది చివరికి, "ఇంటికి పోదాం. ఈయన చెప్పాడంటే పాయింట్ మూడే."

గోధుమలు వెనక్కి తెచ్చి కొట్టంలో పోశాం. ఆ తరవాతి శనివారం నేను ఆవిడ పొలంలో గడ్డి మోపులు ఎక్కిస్తున్నప్పుడు ఒక కారు వచ్చి ఆగింది. రాడ్నీ దిగాడు. టై కట్టుకున్నాడు. చంకలో తేమ యంత్రం.

"మీ లోడు ఎంత ఆరిందో చూద్దామని" అన్నాడు.

"ఎవరు పంపారు?" అంది లోర్నా.

"ఎవరూ పంపలేదు. ఫ్యాక్టరీ లేదుగా."

ఆవిడ కొంచెం ఆలోచించి, "లోపలికొచ్చేటప్పుడు బూట్లు తుడుచుకోండి" అంది.

గోధుమ పద్నాలుగు పాయింట్ ఎనిమిదికి దిగింది. తరవాత వంటింట్లో టీ, విరిగిన పాలు నింపి కాల్చిన టార్ట్ అనే తీపి రొట్టె పెట్టింది. లోర్నా టార్టంటే మా ఊళ్ళో పేరు. రాడ్నీ ఒక ముక్క తిని, చెంచా కింద పెట్టి, "అడుగు కొంచెం తడిగా ఉంది" అన్నాడు. ఇవాళ్టితో ఈయన పని అయిపోయిందనుకున్నాను. లోర్నా చేతులు నడుం మీద పెట్టుకుని, "ఎంత శాతం?" అంది. రాడ్నీ నవ్వాడు. అతని పళ్ళు చూడడం నాకు అదే మొదటిసారి.

అప్పటి నుంచి ప్రతి శనివారం వచ్చేవాడు. గోధుమ పన్నెండున్నరకు దిగినా వచ్చేవాడు. అంతకంటే ఆరితే నష్టమని కూడా తనే చెప్పి, మళ్ళీ వారం వచ్చేవాడు. జనవరిలో ఆ గోధుమలు కోళ్ళఫారం వాళ్ళు పట్టుకుపోయారు. కొట్టం ఖాళీ. అయినా శనివారం కారు ఆగింది. ఈసారి యంత్రం తేలేదు. ఎవరూ దాని ఊసెత్తలేదు.

పని లేని మనిషికి అరవైకి దగ్గర్లో ఇల్లు చాలా ఇరుకవుతుంది. రాడ్నీ ఆ వంటింట్లో కూర్చుని ఫ్యాక్టరీ గురించే మాట్లాడేవాడు. గేటు దగ్గర లారీలు లేనప్పుడు అతను లోపల పులియబెట్టే ఈస్ట్ చూసేవాడట. ఒక మూల షెడ్డులో రెండు చిన్న ట్యాంకులు, పక్కన ఒక రాగి గొట్టం బట్టీ ఉండేవట, కొత్త ఈస్ట్‌లు పరీక్షించడానికి. ఇప్పుడు పాత ఇనుము కొనేవాడు వాటిని కోయడానికి రాబోతున్నాడు.

"అవి పనిచేస్తాయా?" అంది లోర్నా. గిన్నె తోముతోంది.

"గంట శుభ్రం చేస్తే పనిచేస్తాయి. కానీ దేనికి? కార్లకి పోసేది ఓడల్లో వస్తోంది. ఆ ధరకి మనం అమ్మలేం."

"కార్లకే పోయాలా?"

రాడ్నీ తల ఎత్తాడు.

"బెవర్లీ టౌన్లో జిన్ తీసే ఒకావిడ ఉంది" అంది లోర్నా. "సంతలో కలుస్తుంటుంది. దాంట్లోకి కావాల్సిన స్పిరిట్ ఎక్కణ్ణుంచో డ్రమ్ముల్లో తెప్పించుకుంటుందట. ఏ పొలంలో గింజో తెలీదు, అడిగినవాళ్ళకి చెప్పుకోలేకపోతున్నానని బాధపడుతోంది."

రాడ్నీ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టాడు. కప్పులో టీ చల్లారిపోయింది. అప్పుడన్నాడు: "కారు ఏ పొలంది తాగుతున్నానో అడగదు. మనిషి అడుగుతాడు."

"అదే కదా నేననేది."

"కాదు, మీరు జిన్ గురించి అన్నారు. నేను లెక్క వేసుకుంటున్నాను. దాణా అన్ని ఆవులకీ సరిపోదు గానీ కొన్నిటికి వస్తుంది. గ్యాసు చిన్న బీరువాళ్ళకి చాలు." అని లేచి కోటు వేసుకున్నాడు. "ఇనుము వాడు మంగళవారం వస్తాడు. నేను వెళ్ళాలి." టార్ట్ తినకుండా వెళ్ళడం అదొక్కసారే.

పాత ఇనుము ధర మేమే ఇస్తామంటే ఫ్యాక్టరీవాళ్ళు ఆ షెడ్డును మాకే ఒదిలేస్తామన్నారు. కానీ ఒక్కళ్ళ వల్ల అయ్యే పని కాదు. రైతులు చేతులు కలపాలి. మార్చిలో మళ్ళీ కెల్డ్‌బీ హాలు. మాంసం కూరిన రొట్టెలు, పచ్చ బఠానీల ముద్ద, ముప్పయ్యో ఎంతో మంది. రాడ్నీ లేచి కాగితం చూస్తూ మాట్లాడాడు. టన్నుకు ఎన్ని లీటర్లు, వేడి ఎన్ని డిగ్రీలు, ఈస్ట్ ఎన్ని గంటలు. జీవితంలో నలుగురి ముందు మాట్లాడనివాడు. చివరి వరసలో ఒకాయన గురక పెట్టాడు. రాడ్నీ ముగించి కూర్చుంటే అందరూ బఠానీలు కెలుకుతున్నారు. ఒక ఒప్పందంతో ఒకసారి దెబ్బతిన్నవాళ్ళకి, మళ్ళీ ఎందుకని భయం.

లోర్నా లేచింది. ఏప్రాన్ ఇంకా విప్పలేదు.

"పన్నెండేళ్ళు ఈ మనిషి నన్ను ఏడిపించాడు" అంది. "మీలో సగం మందిని కూడా ఏడిపించాడు. అవునా కాదా?"

అవునన్నారు. ఎవరో గట్టిగానే అన్నారు.

"ఒక్కసారైనా అబద్ధం చెప్పాడా? ఒక్కళ్ళు చెప్పండి. ఫలానా ఏడు, ఫలానా లోడు, ఈయన కావాలని ఎక్కువ చూపించాడని."

తలలు అడ్డంగా ఊగాయి. గురక పెట్టినాయన కూడా మేలుకున్నాడు.

"అలాంటి మనిషి ఇది నడుస్తుందంటే నడుస్తుంది. నా పొలం పేరు రాసుకోండి" అని కూర్చుంది.

రాడ్నీ బల్ల కేసి చూస్తూ ఉండిపోయాడు, చెవులు ఎర్రబడ్డాయి. మొదట పాల రైతు ఒకాయన చెయ్యెత్తాడు. తరవాత ఇద్దరు. ఆ సాయంత్రానికి పంతొమ్మిది పొలాల పేర్లు చేరాయి. లారీకి పొలం లేదు గానీ నా పేరు కూడా రాయమన్నాను, రాశారు.

లైసెన్సులకు, తనిఖీలకు ఏడాదిన్నర పట్టింది. ఒప్పందం అలాగే ఉంది, ఓడలు అలాగే వస్తున్నాయి, పెద్ద ట్యాంకులు అలాగే ఖాళీగా ఉన్నాయి. నూట నలభై మంది పనిచేసిన చోట మేము తిరిగి తీసుకోగలిగింది పన్నెండు మందినే. మిగిలినవాళ్ళలో కొందరు గాలిమరల పనికి పోయారు, కొందరు ఊరొదిలారు. అది నేను దాచను. నాకు కూడా రోజుకు నాలుగు ట్రిప్పులున్నచోట ఇప్పుడు వారానికి ఆరు. కానీ ఆ అక్టోబరు పొద్దున రాగి గొట్టం చివర మొదటి చుక్కలు పడుతుంటే అందరం ఆ షెడ్డులో ఒకళ్ళ భుజాల మీంచి ఒకళ్ళం తొంగిచూశాం. చంటిబిడ్డను చూడ్డానికి వచ్చినట్టు గుసగుసలు. జిన్ ఆవిడ బెవర్లీ నుంచి పూలగుత్తి పట్టుకొచ్చింది. ఎవరికివ్వాలో తెలియక ట్యాంకు మీద పెట్టింది.

రాడ్నీ చిన్న గ్లాసులో పట్టి, వాసన చూసి, లోర్నాకు అందించాడు.

ఆవిడ రెండుసార్లు వాసన చూసింది. "మా పొలం వాసనేం రావట్లేదే."

"రాకూడదు. వస్తే నేను పని సరిగ్గా చెయ్యనట్టు."

"మరి మా పొలందని ఎలా తెలుస్తుంది?"

"సీసా మీద రాస్తారు. నమ్మనివాళ్ళు నన్ను అడగొచ్చు."

"నమ్ముతారు" అంది లోర్నా. అలా అని గ్లాసు వెనక్కివ్వకుండా తనే పట్టుకుని నిలబడింది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున గోధుమలు ఎక్కించుకోవడానికి కెల్డ్‌బీ బయల్దేరుతుంటే రాడ్నీ వచ్చి నా పక్కన ఎక్కాడు. కొత్త టై. సగం దారి దాకా దాన్ని సర్దుకుంటూనే ఉన్నాడు.

"క్లైవ్" అన్నాడు, "నువ్వు జెనెట్‌ని ఏమని అడిగావు?"

"నేను అడగలేదు. ఏప్రిల్లో పెళ్ళని తనే చెప్పింది."

"ఓహో" అన్నాడు. అది అతనికి ఏమీ ఉపయోగపడినట్టు లేదు.

మేము వెళ్ళేసరికి లోర్నా విత్తనాలు వేసే యంత్రం కింద పడుకుని ఏదో బిగిస్తోంది. బయటికి బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. రాడ్నీ వెళ్ళి ఆ బూట్ల పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"లోర్నా" అన్నాడు. పద్నాలుగేళ్ళలో మిసెస్ మెగిన్సన్ కాకుండా ఇంకో పేరుతో పిలవడం నేను వినలేదు. బూట్లు కదలడం ఆగిపోయింది.

"పదమూడో నెంబరు స్పానరు ఇలా ఇవ్వు" అంది కింద నుంచి.

ఇచ్చాడు. "ఏప్రిల్లో ఖాళీయేనా నువ్వు?"

"ఏప్రిల్లో బార్లీ వేస్తాను. జూన్‌లో ఖాళీ."

"జూన్ అయితే నాకూ ఫర్వాలేదు."

కాసేపు స్పానరు చప్పుడు. "దేనికో అడగవా?" అన్నాడు రాడ్నీ.

"అడగాల్సింది నేను కాదు, నువ్వు. అడుగు రాడ్నీ. క్లైవ్ ఉన్నాడని చూడకు."

నేను లారీ వెనక్కి వెళ్ళి, బిగించి ఉన్న తాళ్ళనే మళ్ళీ బిగించాను. ఏమడిగాడో నాకు వినిపించలేదు. ఆవిడ జవాబు మాత్రం ఊరికి సగం వినిపించి ఉంటుంది, "అవుననక ఏమంటాను" అని. నేను తిరిగి వచ్చేసరికి రాడ్నీ ఇస్త్రీ కోటంతా గ్రీజు. తుడుచుకోలేదు.

జూన్ మధ్యలో ఒక శనివారం కెల్డ్‌బీ చర్చిలో పెళ్ళయింది. భోజనాలు ఆవిడ ఖాళీ కొట్టంలో పెట్టారు. పంది మాంసం వేపుడు, కొత్త బంగాళాదుంపలు, స్ట్రాబెర్రీలు, జిన్ ఆవిడ పంపిన రెండు పెట్టెలు. ఎక్కువ తాగినవాళ్ళు కూడా ఒప్పందం మాట ఎత్తలేదు. వాన గురించి మాట్లాడారు, చీడ గురించి మాట్లాడారు. ఒక పాల రైతు లేచి, పిప్పి మళ్ళీ మొదలైనప్పటి నుంచి తన ఆవులు ఎంత మర్యాదగా ప్రవర్తిస్తున్నాయో చెప్పి, దానికి కొత్త దంపతులకు కృతజ్ఞతలు చెప్పి, ఎందుకో ఏడ్చి కూర్చున్నాడు. రాడ్నీ డాన్సు చేశాడు. అంకెలు లెక్కపెట్టుకుంటున్నట్టు పెదాలు కదిలాయి గానీ, చేశాడు.

మూడో పాట మధ్యలో చూస్తే పెళ్ళికూతురు లేదు. పెళ్ళికొడుకు కొట్టం తలుపు దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. లోర్నా లేత నీలం గౌనులో, తెల్ల చెప్పుల్లో, కొట్టం వెనకాల గోధుమ చేలోకి నడిచి వెళ్ళిపోతోంది.

"ఎటు?" అన్నాను.

"పూత వచ్చిందేమో చూసొస్తానంది. నిన్న రాలేదట."

"నువ్వు వెళ్ళవా?"

అతను గ్లాసు నాకిచ్చి వెళ్ళాడు. ట్రాక్టరు చక్రాల చాలులో ఆవిడ వెనకాల నడిచి అందుకున్నాడు. ఇద్దరూ వంగి ఒక వెన్ను పట్టుకుని చూస్తున్నారు. గోధుమ పువ్వు మీరు చూశారో లేదో, ఆవగింజంత లేత పసుపు, ఊదితే పోతుంది. ఒక రోజు ఉంటుంది అంతే. లోర్నా తల ఎత్తి మా కేసి చెయ్యి ఊపింది, రమ్మని.

పాల రైతు మొదట వెళ్ళాడు. తరవాత ఫ్యాక్టరీవాళ్ళు, జిన్ ఆవిడ, చర్చి ఫాదరు, ఒకళ్ళ వెనకాల ఒకళ్ళు ఆ సన్నటి చాలులో. మంచి బట్టల్లో, చేతుల్లో గ్లాసులతో, అందరూ నడుం దాకా పచ్చటి చేలో. వాద్యాలవాళ్ళు వాయించడం ఆపేసి వాళ్ళూ వచ్చారు. గాలికి చేనంతా ఒకవైపు వాలి లేచింది.

"ఈ చెప్పులు కొత్తవి" అంది జెనెట్ నా పక్కన. "నిన్న కొన్నాను. ఇంకా డబ్బా వాసన కూడా పోలేదు."

"విప్పేసెయ్."

విప్పేసింది. ఒకటి నా చేతికిచ్చింది, ఒకటి తను పట్టుకుంది. ఇద్దరం చేలోకి దిగాం.